గడప కింద గొర్రెపిల్ల

చిరంజీవి పిరోష్కాకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ కోళ్ళూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. మోకాలు అలాగే ఉంది. ఊగుతున్న గడపరాయిని సిమెంటు పెట్టి బిగించాను. పండుగకు పిల్లల్ని తీసుకురావచ్చా అన్నావు. ఆ సంగతే విసుగ్గా ఉంది.

కొండమీది ఊరు ఖాళీ అయి నాలుగు వందల ఏళ్ళు దాటినా, పునీత బర్తలోమయి పండుగ పూజ ఏటా ఆ కప్పులేని చర్చిలోనే జరుపుకుంటున్నాం కదా. ఈసారి చుట్టూ కంచె వేశారు. బలిపీఠం ముందరి కమాను సగం కూలి వేలాడుతోందట. పట్నం నుంచి వచ్చిన ఇంజనీరమ్మ ఎవర్నీ లోపలికి పోనివ్వడం లేదు. కమానును పట్టి నిలిపే నడిమి రాయి, గొర్రెపిల్ల బొమ్మ చెక్కినది, దొరికితేనే మళ్ళీ నిలబెడతారట. లేకపోతే కంచె ఎప్పటికీ అలాగే ఉంటుందట.

ముప్పై ఏళ్ళుగా ఆ గోడల నెర్రెలు పూడ్చింది నేనే. ఆమె గోడ గోకి చూసి, "ఈ సిమెంటు పూసిన మహానుభావుడెవరు? సున్నపు గోడకి ఇది విషం" అంది. నేను టోపీ చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాను. పక్కింటి దేజో ఊరుకుంటాడా? నా వైపు వేలు చూపి, "మా వెండెలేనమ్మా. దొరికితే కోడిపెట్టకి కూడా పూస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు ఇంటికొచ్చి సూపు కూడా తాగలేదు.

ఇక దాచను తల్లీ. ఆ రాయి ఎక్కడుందో నాకు మొదటినుంచీ తెలుసు. ఇల్లు కట్టిన ఏడాది ఊళ్ళో అందరిలాగే నేనూ కొండమీది ఆ శిథిలాల నుంచి బండెడు రాళ్ళు తెచ్చాను. మన గడపరాయి అదే. గొర్రెపిల్లంటే క్రీస్తే కదా అని మీ అమ్మ ఏడ్చింది, బొమ్మ కిందికి పోయేలా బోర్లా వేయించింది. ఆ తరవాత ఏనాడూ దాన్ని తొక్కలేదు, ఒక్క అంగలో దాటేది. నువ్వు చాదస్తమని నవ్వేదానివి.

ఆ రాయి సంగతి తేల్చడానికి మూడుసార్లు ఊరంతా సమావేశమైనా నేను చెప్పలేదు. మంగళవారం ఇంజనీరమ్మ మంచినీళ్ళకని వచ్చి గడప మీద బూటు పెట్టింది. "తొక్కకమ్మా" అన్నాను.

"ఏం పెద్దాయనా, తడిగా ఉందా?"

"కాదు. మీరు వెతికేది అదే."

తిడుతుందనుకున్నాను. అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. నలుగురు కలిసి పెకలించారు. గొర్రెపిల్ల నిన్న చెక్కినట్టుంది. ఎడమ చెవి మాత్రం విరిగి నా సిమెంటుకు అంటుకుపోయింది. ఆమె దాన్ని ఏరి గుడ్డలో చుట్టుకుంది. తిట్టినా బాగుండేది.

కమాను వచ్చే ఏటికి లేస్తుందట. ఈ ఏడు పూజ కంచె బయటే. అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. అయినా పిల్లల్ని తీసుకురా. గడప ఉన్నచోట గుంట ఉంది. మీ అమ్మలాగే దాటి లోపలికి రా.

ఇట్లు,
నీ నాన్న
వెండెల్