ఎడమకి తిరిగిన అల్లిక

మార్చి 3
అత్తయ్య పంపిన సాంపిల్ వెనక్కొచ్చింది. ట్రైనింగ్ సెంటర్‌లో కేన్ కుర్చీలు అల్లడం నేర్పే టీచర్ కావాలట. నెట్‌లో అందరూ చూసే ఆ వీడియో పద్ధతే నేర్పాలట. ఆ వీడియోలో అల్లింది అత్తయ్యే. అయినా ఈ సాంపిల్ ఒరిజినల్ పద్ధతిలో లేదని రాశారు. ఇదెక్కడి గోల?

మార్చి 4
ఫోన్ చేశాను. పెద్దావిడ కదా, మరిచిపోయి ఉంటారు, తన వీడియో తనే ఒకసారి చూసుకోమనండి అంది అక్కడి మేడమ్.
అత్తయ్య అన్నం ముట్టలేదు. మోకాళ్లు పట్టేశాయి, ఇక ఇల్లిల్లూ తిరిగి అల్లలేదు. ఈ ఉద్యోగం మీదే ఆశ.

మార్చి 6, మధ్యాహ్నం
వీడియో చూశాను. ఆఖరున ఐమూలగా లాగే వరస ఎడమకి పోతోంది. అత్తయ్య చెయ్యి ఎప్పుడూ కుడికే పోతుంది. మతిపోయింది.
తర్వాత వెనక గోడ మీద క్యాలెండర్ కనిపించింది. అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. అప్పుడు బుర్ర వెలిగింది. తీసేటప్పుడు తన మొహం తనకి కనబడాల్సిందేనని అత్తయ్య పట్టుబట్టింది. సెల్ఫీ కెమెరా పెట్టాం. అది అద్దంలో చూపించినట్టే సేవ్ చేసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మార్చి 9
ఈ అల్లిక మీద నెట్‌లో ఒక పేజీ ఉంది. ఎడమ అన్నచోట కుడి అని దిద్దాను. కాసేపటికి మళ్లీ ఎడమ అయింది. ఆధారం ఏది అన్నారు ఆ పేజీ దిద్దేవాళ్లు. ఆవిడ మా ఇంట్లోనే ఉంది అన్నాను. మనిషి ఆధారం కాదట, లింక్ కావాలట. వాళ్లిచ్చిన లింక్ మా వీడియోదే.
కొత్త వీడియో పెట్టాను. తిప్పేసిన ఫేక్ అన్నారు.
ఎవరో ఒకావిడ ఎడమకి అల్లిన తన కుర్చీ ఫొటో పెట్టింది. శుభ్రంగా, బిగువుగా ఉంది. మరి తప్పెక్కడున్నట్టు?

మార్చి 15
అత్తయ్య ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఎడమకి అల్లడం నేర్చుకుంటోంది. వద్దని బతిమాలాను.
"అంతమంది నన్ను చూసే కదమ్మా నేర్చుకున్నారు. వాళ్లందరూ ఏం మారతారు? నేనొక్కదాన్నీ మారితే సరిపోయె" అంది.
కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

మార్చి 22
ఉద్యోగం వచ్చింది. మేడమ్ మెచ్చుకుందట, ఇప్పుడు గుర్తొచ్చింది కదా అని.

ఏప్రిల్ 12
మామయ్య కుర్చీ సీటు తెగింది. అత్తయ్య అల్లడానికి కూర్చుంది. కుడికి లాగింది, విప్పింది. ఎడమకి లాగింది, విప్పింది.
"నాది ఏ వైపమ్మా?" అంది.
నాకు తెలుసు. అయినా వీడియో చూద్దామని ఫోన్ తీశాను.