గుట్టల వరుస కలిసిన చోట

చిరంజీవి తమ్ముడు సాయిచంద్‌కు,

మందమర్రి నుంచి అక్క నర్మద ఆశీస్సులు. మేము క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా. అవ్వ తింటోంది, తిరుగుతోంది, కన్నబిడ్డనని కూడా చూడకుండా నన్ను తిడుతోంది. కనుక ఆమె క్షేమమే. నా సంగతి ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నువ్వే తేల్చుకో.

సెలవు మీద వచ్చిన ముకర్రం లక్సెట్టిపేట నుంచి వచ్చి నీ ఉత్తరం, ఖర్జూరాల డబ్బా ఇచ్చి వెళ్ళాడు. మస్కట్‌లో నీ గదిలో పక్క మంచం వాడు కాబట్టి నీ గురించి నీకంటే నిజం చెప్పాడు. "అక్కా, శుక్రవారం అచ్చిందంటే మావోడు దొరకడు. ఫోన్ పట్టుకొని గుట్టల పొంటి తిరుగుతుండు. బిర్యానీ సల్లారిపోతది గని మనిషి రాడు" అన్నాడు. గుట్టల్లో ఏమున్నదట అని అవ్వ అడిగింది. "ఏం లేదవ్వా, గుట్టలే" అన్నాడు.

ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను రెండు మాటలు చెప్పేలోపు నువ్వొకటి అంటావు, నేను నీ మాట మధ్యలో దూరతాను, ఇద్దరం కోపంతో పెట్టేస్తాం. కాగితం మీద నన్ను ఆపేవాడు లేడు.

నువ్వు అడిగిన మొదటిది, కెమెరా. పెద్ద సెన్సార్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కొనాలా, బరువు తక్కువున్న చిన్న సెన్సార్ చాలా, ఏ కంపెనీ సిస్టం మంచిది, ప్రయాణాలకూ లాండ్‌స్కేప్‌కూ ఏ లెన్సులు కావాలి అని. మా పత్రికకు ఇన్నేళ్ళు ఊరేగింపుల ఫొటోలు తీశాను కాబట్టి నన్ను అడిగావు. సంతోషమే. కానీ ఆ సిస్టం అనే మాట మీద నాకు కోపం ఉంది. కెమెరా అమ్మడం వాళ్ళకు చిన్న పని, నిన్ను కట్టేసుకోవడం అసలు పని. ఒక కంపెనీ బాడీ కొన్నావంటే దానికి ఆ కంపెనీ చెప్పిన లెన్సే పడుతుంది. రెండు లెన్సులు కొన్నాక ఇక బయటికి రాలేవు. అందుకని బాడీని చూసి మోసపోకు. నీకు ఏ లెన్స్ కావాలో ముందు తేల్చుకుని, అది తేలిగ్గా, మంచిగా ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ దగ్గరికి పో. ఎండలో గుట్ట ఎక్కే మనిషివి. మోయలేని కెమెరా ఎంత గొప్పదైనా గదిలోనే పడి ఉంటుంది. చిన్న సెన్సార్ చాలు. ఒక వైడ్ లెన్స్, ఒక మామూలు లెన్స్, గాలికి వణకని ట్రైపాడ్. పొద్దుగూకే వేళ వెలుతురు తగ్గినప్పుడు నిన్ను కాపాడేది సెన్సార్ కాదు, ఆ మూడు కాళ్ళే.

ఇక లాండ్‌స్కేప్ అనే మాట. దానితో నా కొట్లాట ఇంకా పెద్దది. మనుషులు కనిపించని చోటుకు అందమైన దృశ్యం అని పేరు పెడతారు. అక్కడి మనుషులు ఏమయ్యారని ఎవడూ అడగడు. మన ఊరు రేగులరేవు మునిగిన ప్రాజెక్టు నీళ్ళ ఒడ్డున, కట్ట మీద, ఇప్పుడు వ్యూ పాయింట్ అని బోర్డు ఉంది. పెళ్ళికి ముందు ఫొటోలు దిగే జంటలు అద్దె కోట్లు వేసుకుని అక్కడికే వస్తారు. మొన్నొకసారి నేను నీళ్ళను చూస్తూ నిలబడితే ఒక ఫొటోగ్రాఫర్ పిల్లగాడు, "మేడం, జర పక్కకు జరుగుర్రి, ఫ్రేముల పడుతున్నరు" అన్నాడు. అది మా ఊరి పైకప్పు, నువ్వే జరుగు అన్నాను. పిచ్చిదనుకుని ట్రైపాడ్ ఎత్తుకుని పోయాడు.

నిన్ను కూడా తిట్టాలనే నీ ఫొటోలన్నీ వరుసగా పెట్టుకుని కూర్చున్నాను. మనిషి లేని రాళ్ళు, ఎండిన వాగులు. తిట్టు నోటిదాకా వచ్చి ఆగింది. తమ్మీ, ప్రతి ఫొటోలో వెనక ఒక పొడుగు కొండ, దాని కుడి భుజాన్ని కప్పుతూ ముందు ఒక పొట్టి కొండ. ఊరు వేరు, వెలుతురు వేరు, ఆ రూపం మాత్రం అదే. మన చెలకలో నిలబడితే కనిపించే రెండు గుట్టలు గుర్తున్నాయా? నువ్వు పరాయి దేశపు కొండల్లో తిరిగి తిరిగి, అవి అట్లా కలిసే చోటనే ఆగి ఫొటో తీస్తున్నావు. నీకు తెలిసి చేస్తున్నావా? ముకర్రాన్ని అడిగితే తనకు తెలియదన్నాడు.

అందుకే నీ రెండో ప్రశ్న నన్ను వదలలేదు. అవ్వ ఇంకా పెత్తరమాసకు కట్ట మీదికి పోతున్నదా అని అడిగావు. పోతోంది. నీళ్ళు వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడాదీ తప్పలేదు. ఆ అమావాస్యనాడు మునిగిన ఊళ్ళకు కట్టిచ్చిన కాలనీ వాళ్ళంతా చనిపోయిన పెద్దల పేరున వండుకుని కట్ట మీదికి వస్తారు. నీళ్ళలో నుంచి తేలిన ఎండు చింతచెట్టు కొస ఒకటుంది. అది మన ఊరి చింత అని అందరి నమ్మకం. దానికేసి తిరిగి మోదుగాకు విస్తట్లో పెడతారు. అవ్వ బాపుకు మక్కగట్క, పుంటికూర పెడుతుంది. నేను దూరంగా చేతులు కట్టుకుని నిలబడతాను. నష్టపరిహారం లెక్కలో అధికారులు ఇళ్ళు రాసుకున్నారు, బావులు, చెట్లు రాసుకున్నారు, సమాధుల ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆ సంగతి మీద మాట్లాడాల్సిన నోళ్ళు విస్తళ్ళ మీద మంత్రం లాగా పేర్లు చదువుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ మధ్య అవ్వకు చూపు మసకబారింది. పోయిన ఏడు కట్ట మీద నా భుజం పట్టుకుని, "చింత కండ్లవడ్తలేదు బిడ్డా, ఎటు తిరగాలె?" అంది. చెయ్యి పట్టి తిప్పాను. తిప్పాక గుట్టల వైపు చూస్తే, ఆ చింత ఉన్న చోటుకూ గుట్టలకూ ఏదో పొసగలేదు.

ఇంటికొచ్చి పాత ఫొటో తీశాను. ఊరు ఖాళీ చేసే ముందు ఎండాకాలం నేను రీలు కెమెరాతో తీసింది. చెలక గట్టున బాపు సమాధి, పక్కన అవ్వ, వెనక రెండు గుట్టలు. లెన్స్ మారిస్తే గుట్ట పెద్దదిగానో చిన్నదిగానో కనిపిస్తుంది. ముందు గుట్ట వెనక గుట్టను ఎంత కప్పిందన్నది మాత్రం ఏ లెన్సూ మార్చలేదు. అది మారాలంటే నిలబడ్డ చోటు మారాలి. కాబట్టి ఫొటోలో ఉన్నట్టే గుట్టలు కలిసిన చోట బాపు ఉన్నట్టు. ఇది భక్తి కాదు, లెక్క. అట్లా నాకు నేను చెప్పుకుని వెళ్ళాను.

చేపలు పట్టే మల్లేష్ పడవలో ఎక్కాను. ఒక చేతిలో ఫొటో, ఒక చేతిలో కెమెరా. అటు పోనీ, ఇటు పోనీ అని అతన్ని సతాయించాను. "చేపలు గూడ గింత సతాయించయి మేడం" అన్నాడు. పొట్టి గుట్ట మెల్లగా జరిగి పొడుగు గుట్ట భుజం మీదికి వచ్చింది. సరిగ్గా ఫొటోలో లాగా. ఆపమన్నాను. తెడ్డు నుంచి నీటి చుక్కలు పడటం వినిపించింది. కట్ట మీది నుంచి అందరూ మొక్కే చింత కొస అక్కడికి చాలా దూరంలో ఉంది. అది మన చింత కాదు సాయీ. ఆ దిక్కున ఉండేది పక్క ఊరు తాళ్ళగట్టు, అది వాళ్ళ చింత.

ఫొటో తీశాను. రెండు గుట్టలు, మబ్బు, కదలని నీళ్ళు. క్యాలెండర్ మీద వేసుకోవచ్చు.

అవ్వకు చెప్పాలా వద్దా అని కొన్నాళ్ళు నాతో నేనే కొట్లాడి, చివరికి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. చాట పక్కన పెట్టి, "అయితే గిన్నేండ్లు తాళ్ళగట్టోల్ల పెద్దలకు పెట్టిన్నా? పోనీ తియ్యి, ఎవలో ఒకలు తిన్నరు" అని నవ్వింది. కాసేపటికి తనే, "మరి మీ బాపు ఏం తిన్నడు?" అంది.

నా దగ్గర దానికి జవాబు ఉంది. చచ్చినవాళ్ళు తినరు. మూఢనమ్మకాలను తిడుతూ వందల వేదికల మీద చెప్పాను. ఆ వంటింట్లో మాత్రం చాట అందుకుని రాళ్ళు ఏరాను.

ఈసారి పడవలో తీసుకుపొమ్మంటోంది. నీకు సెలవు దొరకదని ఆమెకు తెలుసు. నన్నే పెట్టమంటోంది. "కొడుకే ఎందుకు పెట్టాలె, బిడ్డెందుకు పెట్టద్దు అని ఊరందరి తోని కొట్లాడితివి గద. ఇగ పెట్టు" అంది. నేను ఇవన్నీ నమ్మనవ్వా అన్నాను. "నమ్ముమని ఎవలన్నరు? పెట్టుమన్న." బిడ్డ పెట్టొచ్చన్న నా వాదన, బాపు ఉన్నది అక్కడేనన్న నా లెక్క, రెండూ చెరో చెయ్యి పట్టుకుని నన్ను పడవ ఎక్కిస్తున్నాయి.

ఇప్పటిదాకా దాచిన మాట ఇది. అవ్వకు కూడా చెప్పలేదు. ఆ రోజు గుట్టల వరుస కలిసినప్పుడు, ఫొటో తీశాక, నేను పడవ అంచు మీదికి వంగి "బాపూ" అని పిలిచాను. పిలవడం కాదు నన్ను పట్టి పీడిస్తున్నది. పిలిచి, జవాబు కోసం ఆగాను. మల్లేష్ కూడా తెడ్డు ఎత్తి పట్టుకుని ఆగాడు. అప్పటి నుంచి మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బాంబు పేలి మా ఇంటి తలుపు గడగడలాడితే, అది బొగ్గు కోసమని తెలిసి కూడా, అన్నం ముందు నుంచి లేచి తలుపు తీసి చూస్తున్నాను.

నిన్న ఆ కొత్త ఫొటో ప్రింటు అవ్వ చేతికిచ్చాను. కంటికి ఆనించుకుని చాలాసేపు చూసింది. ఆమెకు నీళ్ళకూ ఆకాశానికీ తేడా తెలిసి ఉండదనుకున్నాను. గోటితో నీళ్ళ మీద ఒకచోట గీసి, "గిక్కడ గాదు బిడ్డా. మీ బాపు జర పక్కకున్నడు" అంది.

నేను వాదించలేదు.

ఆ ప్రింటు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అవ్వ గోటి గీత కనిపిస్తుంది. నువ్వు ఏ కెమెరా అయినా కొనుక్కో, ముందు దీన్ని పట్టుకుని నీ గుట్టల్లోకి పోయి, అవి మన గుట్టల్లాగా కలిసే చోట నిలబడి చూడు. ఆ వరుస నా కంటే నీ కాళ్ళకు ఎక్కువ తెలుసు. పడవ ఎటు జరగాలో పెత్తరమాసకు ముందే ఫోన్ చేసి చెప్పు. ఈసారి నీ మాట మధ్యలో దూరను.

ఇట్లు,
తలుపు తీసి చూస్తున్న నీ అక్క,
నర్మద