చారల చిక్కుడు

జంపక్కకు,

పోయినేడు ములకలపల్లి విత్తనాల మేళాలో నువ్విచ్చిన గుప్పెడు చారల చిక్కుడు గింజల్ని మా గనుల కాలనీ తోటల గ్రూపులో పదిమందికి పంచాను. కాయలు తీగకే ఎండనిచ్చి, తీసుకున్నదానికి రెండింతలు నీకు తిరిగివ్వాలని అందరికీ చెప్పాను. ఇప్పుడు అడిగితే శోభారాణి "లేతగున్నయని వండిన, ఇంక ఎండేదేంది" అంటోంది. అనంతమ్మ నెపం కోతుల మీదికి తోసింది. అందరినీ నిలబెట్టి తిట్టాను.

నీ దగ్గరున్న గింజలకు పురుగు పట్టిందని, ఇక మేమే దిక్కని నీ కబురు వచ్చింది. అప్పటి నుంచి కర్ర పట్టుకుని మా పాదు కిందే కూర్చున్నాను. ఒక్క కాయ ఎండుతోంది. అందులోని నాలుగు గింజలూ నీవే.

మిగతా కాయల సంగతి అడగొద్దక్కా. కూర బాగుంది.

నీ చెల్లెలు