నెట్టేసిన గిన్నె

నన్ను తిడుతూనే నా పక్షాన ఉండే వదినకి,

ఆయన పోయిన కబురు అక్క ఇంటికి ఫోనులో వచ్చింది. నేను రాలేదు. అత్తయ్య వద్దన్నారని కాదు. నన్ను చూసి పక్కకి తిరిగిన మొహాన్ని మళ్లీ చూసే ధైర్యం చాలలేదు.

ఎవరికీ చెప్పని మాట మీకు చెబుతున్నాను. కాళ్లు మొద్దుబారి, పానా పట్టుకోలేక, పడవ ఇంజన్ల పని మానేసి ఆయన ఆస్పత్రిలో చేరారు కదా. మూత్ర పరీక్షలో ఆర్సెనిక్ ఎక్కువగా వచ్చిందన్నారు. పాషాణం అన్న మాట నర్సు నోట జారింది. ఇక చూసుకోండి. వండేది నేను, పెట్టేది నేను. నిప్పు లేనిదే పొగ రాదని అత్తయ్య వరండాలో అందరికీ వినబడేలా అన్నారు. నేను ముట్టుకున్న గ్లాసు మళ్లీ కడిగేవారు. పడ్డాను వదినా. ఆవిడ నోటికి జడిసేదాన్నయితే పెళ్లయిన ఏడాదే పారిపోయేదాన్ని.

నేను వచ్చేసిన రోజు పొద్దున్న కూడా రొయ్యలు వలిచే షెడ్డు నుంచి గుప్పెడు అడిగి తెచ్చి, మెత్తగా ఉడికించి పట్టుకెళ్లాను. జబ్బు పడ్డాక ఆయన నోటికి రుచించినవి అవే. పూటపూటా పెడుతున్నాను. చెంచా నోటి దగ్గర పెడితే తల తిప్పేశారు. ఏమైందండీ అంటూ మళ్లీ పెట్టబోతే చేత్తో గిన్నె నెట్టేశారు. ఆ చెయ్యి అప్పటికే సరిగా లేవడం లేదు. నేల తుడిచి, గిన్నె కడిగి, అటునుంచి అటే అక్క ఇంటికి వచ్చేశాను.

ఊరంతా ఏమన్నా అన్నం సహించింది. ఆయన కూడా అలాగే అనుకున్నారన్నది మాత్రం మింగుడు పడటం లేదు. మీరు ల్యాబ్ మనిషి. నేనేం పెట్టానో మీ మిషనుకైనా తెలుస్తుందా? తెలిస్తే నాకొక్కదానికే చెప్పండి, చాలు.

మీ మరదలు

---

పిచ్చి మొద్దూ,

నీ ఉత్తరం చూసి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మా మిషనుకు తెలుస్తుంది, తెలిసింది కూడా. ఆర్సెనిక్ అంతా ఒకటి కాదు. ఎలకల మందులో ఉండేది వేరు, రొయ్యల్లో పీతల్లో ఉండేది వేరు. సముద్రపు జీవాల ఒంట్లో అది కర్బనంతో ముడిపడి ఆర్సెనోబీటైన్ అనే రూపంలో ఉంటుంది. తిన్నవాళ్లకి దానివల్ల కీడు లేదు, వచ్చినట్టే మూత్రంలో పోతుంది. ఆస్పత్రివాళ్లు మొత్తం ఎంతో కొలిచారు గానీ, ఏ రూపం ఎంతో చూడలేదు. మిగిలిన నమూనా నేను తెప్పించాను. సన్నని గొట్టంలోంచి పంపితే ఒక్కో రూపం ఒక్కో వేళకి బయటికొస్తుంది, అవతలి మిషను దాన్ని లెక్కగడుతుంది. దాదాపు అంతా ఆర్సెనోబీటైనే. నువ్వు పెట్టింది రొయ్యలు, అంతే. మా తమ్ముణ్ణి తీసుకుపోయింది నరాల జబ్బు, అది ఊపిరి దాకా పాకింది.

ఇక గిన్నె సంగతి. మా ల్యాబ్‌లో ముందున్న నమూనాలే చాలా, ఆలస్యమవుతుందని వాడితో అన్నాను. మరో దారి లేదా అని డాక్టరుని పట్టుకున్నాడు. నాలుగైదు రోజులు చేపా రొయ్యా ముట్టకుండా ఉండి మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె పడిపోతుంది, అప్పుడు మీ అమ్మకీ అర్థమవుతుందని ఆయన చెప్పాడు. ఆ మర్నాడే నువ్వు గిన్నె తెచ్చావు.

"ఎందుకు తిననో చెప్తే, ఇంట్లో తనని ఏమనుకుంటున్నారో కూడా చెప్పాలి. అది తనకి తెలియకూడదక్కా" అన్నాడు. నీకేమీ తెలియదనుకున్నాడు, వెర్రివాడు. ఆ వాసనకి ఎక్కడ నోరు తెరుస్తానో అని అటు తిరిగాడట.

నువ్వు వెళ్లిపోతే అలిసిపోయావనుకున్నాడు. రిపోర్టు వచ్చాక నేనే పిలుస్తానన్నాడు. అంకె పడిపోయింది. ఆ కాగితం వచ్చేసరికి గొంతులో గొట్టం వేశారు. చదివి వినిపిస్తే తలుపు వైపు చూశాడు. వెంటనే నీకు ఫోను చేశాను. నువ్వు మాట్లాడనంటున్నావని మీ అక్క పెట్టేసింది. అమ్మ ఆ కాగితం పట్టుకుని అలాగే కూర్చుంది.

ఒకసారి ఇంటికి రా.

నిన్ను తిట్టే హక్కున్న వదిన

---

వదినా,

ఉత్తరం అందింది. ఆ రోజు ఫోను మోగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెట్టెయ్యమని అక్కకి సైగ చేసింది నేనే.

వస్తాను. అత్తయ్యని మాత్రం ఏమీ అనకండి. ఆవిడ నన్ను అనుమానించారు, నేను ఆయన్ని అనుమానించాను. ఆవిడ అనుమానానికైనా ఆధారంగా ఒక అంకె ఉంది.

మీ తమ్ముడి భార్య