ఇల్లుబండికి సామాను

ఏప్రిల్ 7, సోమవారం

మా ఆవిడ ఏదీ తిన్నగా చెప్పదు. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. ఏది అడిగినా మీ ఇష్టం అంటుంది. ఇంటికి ఏ రంగు వేయిద్దామే అంటే మీ ఇష్టం అంది. వేయించాక గుమ్మంలో నిలబడి, ఆకుపచ్చా, అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ ఒక్క ముక్కని నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఇనప బీరువాలు మోసినవాణ్ణి. వాటిని మెట్ల దగ్గరైనా దించి ఊపిరి తీసుకోవచ్చు.

ఇప్పుడు అమ్మాయీ అల్లుడూ ఇల్లుబండి అద్దెకి తీసుకుంటున్నారు. మోటార్ హోమ్ అనాలట. అందులోనే పడకలు, స్టవ్వు, బాత్రూమ్. సముద్రం పక్కనే ఆగుతూ పోతూ వారం పాటు హాలిడే. వచ్చే సోమవారం ప్రయాణం. నలుగురం పడతాం. నేను వస్తానని వెంటనే చెప్పేశాను. నువ్వొస్తావా అని ఈవిడని అడిగాను. ఏమందో రాయక్కర్లేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

బండి వచ్చింది. సీజన్ కాదు, మా షెడ్డులో ఉన్నా మీ గుమ్మంలో ఉన్నా ఒకటే, ముందే సర్దుకోండి అని బండాయన తాళాలిచ్చి పోయాడు. ఫ్రిజ్జుని పడుకోబెట్టి చక్రాలు తగిలించినట్టుంది. బాగుంది.

సామాను నేను ఎక్కిస్తాను, ఎవరూ చెయ్యి పెట్టొద్దు అని గట్టిగా చెప్పాను. ఇళ్ళు మారేవాళ్ళ సామాను లారీకి ఎక్కించడమే నా పని, ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ. ఒక్క గ్లాసు పగల్లేదు నా చేతిలో. ఒకటి పగిలింది, అది పేపరు చుట్టినవాడి తప్పు.

అల్లుడు కాలేజీలో పాఠాలు చెప్తాడు. నెమ్మదస్తుడు. లోపల కాస్త ఖాళీ ఉంచండి మామయ్యగారూ అన్నాడు. ఖాళీ ఉంటే సామాను ఊగుతుంది నాయనా, ఊగితే విరుగుతుంది అన్నాను. సరేనండీ అన్నాడు. అతనికీ మా ఆవిడ గాలి సోకింది.

ఏప్రిల్ 9, బుధవారం. పొద్దున్న

అయిపోయింది. బరువైనవి కింద, డ్రైవరు వైపుకి. గిన్నెలు దుప్పట్లలో చుట్టి మధ్యలో. సందుల్లో తువ్వాళ్ళు కుక్కాను. పైన తాడు, రెండు ముళ్ళు. ఏనుగు వచ్చి గుద్దినా లోపల చెంచా కదలదు. చాలా రోజులకి ఒంటికి చెమట పట్టింది. హాయిగా ఉంది.

అదే రోజు, సాయంత్రం

అమ్మాయి తలుపు తీసి చూసింది. నాన్నా, మనం ఎక్కడ పడుకోవాలి, అంది.

పడకల మీద సామానుంది. బల్ల మీద ఉంది. బాత్రూమ్‌లో మడత కుర్చీలు, నీళ్ళ డబ్బాలు, పరుపు. స్టవ్వు ఎక్కడుందో నాకే తెలియలేదు. లారీలో వెనకాల మనుషులుండరు. నాకు మనుషుల సంగతే తట్టలేదు.

మా ఆవిడ వచ్చి చూసి, ఇంకేం, సామాన్ని హాలిడేకి పంపించి మనం ఇంట్లో ఉందాం అంది. నవ్వీ నవ్వీ గేటు పట్టుకుంది. అల్లుడు నవ్వలేక అటు తిరిగి టైరు తన్ని చూస్తున్నాడు. నవ్వరా బాబూ, బిగబడితే ఆయాసం వస్తుంది అన్నాను. అప్పుడు నవ్వాడు. తర్వాత నాకూ ఆగలేదు.

అంతా దించాను. దించుతుంటే కనపడింది. నా చొక్కాలు, స్వెట్టరు, మోకాలి ఆయింట్‌మెంటు, అన్నీ మడతలు పెట్టి సంచీలో ఉన్నాయి. అమ్మాయిది ఒక బ్యాగు. అల్లుడిది ఒకటి. అన్నీ ఈవిడ సర్దినవే. తనది మాత్రం ఏదీ లేదు. చేతిరుమాలు కూడా లేదు.

నీ బట్టలేవి అన్నాను. నాకెందుకు లెండి, మీరు వెళ్ళి రండి, మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు అంది. ఉన్నవి రెండు కుండీలు. ఒకదాంట్లోది ప్లాస్టిక్.

రానని చెప్పలేదు. వస్తానని చెప్పలేదు. ఆవిడ లేకుండా వారం నేనెప్పుడూ ఉండలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పను.

ఏప్రిల్ 10, గురువారం

ఈరోజు ఆవిడ ఏది అడిగినా నీ ఇష్టం అన్నాను, రాత్రి దాకా. ఆవిడకి తేడా తెలియలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఈసారి సరిగ్గా ఎక్కించాను. పడకలు ఖాళీ. బాత్రూమ్ ఖాళీ. నాకు మాత్రం అది పని సగంలో ఆపేసినట్టే ఉంది.

ఎవరెక్కడ కూర్చోవాలి అని అమ్మాయి మొదలెట్టింది. ముందు రెండే సీట్లు. ఒకటి అల్లుడిది, బండి నడపాలి కనుక. రెండోది నాది అన్నాను. లారీలో నా చోటు అదే. ఎవరూ కాదనలేదు.

మధ్యాహ్నం అల్లుడు బండి చేతికి అలవాటు అవ్వాలని ఒక రౌండు వేసొస్తానన్నాడు. నేను లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చేసరికి బండి కదిలిపోతోంది. ముందు సీట్లో మా ఆవిడ. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా, ఫొటోకి కూర్చున్నట్టు. నన్ను చూసి చెయ్యి కూడా ఊపలేదు.

పెట్రోలు బంకు దాకా వెళ్ళి వచ్చారు. దిగింది. ఎలా ఉంది అన్నాను. అప్పుడు మొదలెట్టింది. ఏమండీ, ఇన్నేళ్ళూ నేను ఏ బండెక్కినా మీ మెడ వెనకాల చూస్తూనే వెళ్ళాను. మీ మెడ మీద పుట్టుమచ్చ తెలిసినంత బాగా నాకు ఏ దారీ తెలియదు. కడుపులో తిప్పుతుంది, కళ్ళు మూసుకుంటాను, దిగమన్న చోట దిగుతాను. ముందు సీటయితే వస్తాను. వెనకయితే రాను. ఇదే నా మాట.

అని, స్టవ్వు మీద పాలు పెట్టాలంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మాయి నా మొహం చూసింది. అల్లుడు టైరు చూశాడు. ఆవిడ ఒక మాట తిన్నగా చెప్పాలని ఎన్నేళ్ళు చూశాను. చెప్పింది. సరిగ్గా నా సీటు మీదే చెప్పింది. ఆకుపచ్చ వద్దని ఆనాడు చెప్పి ఉంటే నీలం వేయించేవాణ్ణి, అందరం సుఖంగా ఉండేవాళ్ళం. నోరుంది కదా మనిషికి. అడగొచ్చు కదా.

ఏప్రిల్ 12, శనివారం

అల్లుణ్ణి ఇంకో రౌండు వెయ్యమన్నాను. నేను వెనక కూర్చున్నాను. ఎవరికీ ఎందుకో చెప్పలేదు. పక్కన చిన్న కిటికీ. రోడ్డు కనపడదు. దాటిపోయినవి కనపడతాయి. మలుపు వస్తుందని ముందు తెలియదు, తల వెళ్ళి అల్మారాకి కొట్టుకున్నాక తెలుస్తుంది. ఆపమన్నాను.

నాన్నా, నువ్వే వెనక సర్దుకోవచ్చు కదా, అమ్మ ఒక్కసారే కదా అడిగింది, అంది అమ్మాయి. సర్దుకోవచ్చు. మోకాలికి తప్ప నాకేం కష్టం లేదు. కానీ ఆవిడ సముద్రం చూస్తుంటే నేను అల్మారా చూడాలా. ఆవిడకి ఏది ఏ ఊరి దారో ఎవరు చెప్తారు. అల్లుడికి మాట్లాడుతూ నడపడం రాదు.

అదే రోజు, దీపాలు పెట్టాక

బండాయనకి అమ్మాయి చేత ఫోన్ చేయించాను. ముందు ముగ్గురు కూర్చునే బండి ఒకటి ఉందట. పాతదట. దాన్ని ఇంకెవరో కూడా అడిగారట. చూస్తానంటాడు.

చూస్తాననే మాట నాకు అక్కర్లేదు. నేను ఈ బండి సామానంతా దించుతాను. ఆ బండికి మళ్ళీ ఎక్కిస్తాను. ఒక్కణ్ణే. కిటికీ ఆవిడది. మధ్యలో నేను. గేరు మోకాలికి తగిలితే తగలనీ.

ఆవిడ గదిలో పెట్టె తెరిచి కూర్చుంది.

ఇస్తాడా, ఇవ్వడా. రేపు, ఆదివారం, మధ్యాహ్నం భోజనాల లోపల బండాయన ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.