గుడారానికి పెద్దదిక్కు

పట్టల బజారు, అల్లూరు
సోమవారం

కొంగలమడుగు గుడారాల విడిది యజమానికి,

నమస్కారం పెట్టాలా వద్దా అన్నది మీ జవాబు చూసి నిర్ణయిస్తాను.

నేను అల్లూరు యువ ప్రకృతి దళం కార్యదర్శిని. ఈ నెల చివరి శనివారం మీ చెరువు పక్క సరుగుడు తోపులో పదిమందిమి శిబిరం వేద్దామని నిన్న స్థలం చూడటానికి వచ్చాను. గేటు దగ్గరే ఆగిపోయాను. మనిషెవరూ ఆపలేదు, మీ బోర్డు ఆపింది. "పెద్దలు వెంట లేని కుర్రకారుకు గుడారాలు ఇవ్వబడవు."

ఎవరండీ కుర్రకారు? ఓటు వేయడానికి పెద్దవాళ్లం, రొయ్యల గుంటలకు కాపలా కాయడానికి పెద్దవాళ్లం, చెరువు పక్కన పడుకోవడానికి మాత్రం పిల్లలమా? ఆ చెరువు మీరు తవ్వించారా? కొంగలు మిమ్మల్ని అడిగే వాలుతున్నాయా? కార్లలో వచ్చినవాళ్లు గట్టు నిండా పారేసిన ప్లాస్టిక్ సీసాలు కళ్లారా చూశాను. వాళ్ల వెంట పెద్దలు ఉండే ఉంటారు! మా శిబిరంలో మొదటి పని ఆ సీసాలు ఏరడమే. వయసును బట్టి మనిషిని కొలవడం భూస్వామ్యపు చివరి కోట అని ఒక కరపత్రంలో చదివాను. ఆ కోట మీ గేటు దగ్గరుందని ఇప్పుడు తెలిసింది.

ఇంకో సంగతీ దాచను. "పదిమందిని ఒక రాత్రి ఒకచోట కూర్చోబెట్టలేనోడివి, నువ్వేం నాయకుడివిరా? వచ్చి నా మిషన్ మీద కూర్చుని టార్పాలిన్ పట్టలు కుట్టు" అని మా అబ్బా, కన్నతండ్రి అయి ఉండి, నలుగురిలో అన్నాడు. శిబిరం జరగకపోతే కూర్చుంటానని నేను పందెం కట్టాను. కాబట్టి ఇది జీవన్మరణ సమస్య.

భవదీయుడు కాని,
పర్వేజ్

తా.క.: ఫోన్ చేయవద్దు. ఫోన్‌లో మాట గాలికి పోతుంది. కాగితం చరిత్రకు మిగులుతుంది.

ఇంకో తా.క.: గుడారాల్లో దోమతెరలు ఉన్నాయా?

*

కొంగలమడుగు
గురువారం

చిరంజీవి పర్వేజ్‌కు, ప్రభువు దీవెనలతో ఎలిశబెతు రాసేది.

నాయనా, నీ ఉత్తరం మా వంటామె ఫ్లోరాకు చదివి వినిపిస్తే, "ఈ పిల్లోడు అన్నం తినకుండా రాసినట్టుండాడు అక్కా" అనింది.

చెరువు నేను తవ్వించలేదు. తోపు మాత్రం మా ఆయన నాటినాడు. పోయినేడు నీ ఈడు పిల్లకాయలే వచ్చి చెట్ల కింద మంటేసినారు. ఎండిన సరుగుడాకు సంగతి నీకు తెలుసు గదా, నిప్పు కంటే ముందు పరిగెత్తుద్ది. చూస్తా ఉండంగానే ఒక పక్క తోపంతా బొగ్గయింది. ఎవుర్ని అడిగినా "నేను గాదు, వాడు" అంటాడు. అందరి తరఫునా తిట్లు తినేదానికి ఒక పెద్దమనిషి ఉంటే బాగుండునని ఆ రోజే బోర్డు రాయించినా.

పెద్దదిక్కు ఎవురైనా సరే. మీ అబ్బానే తెచ్చుకోరాదా?

దీవెనలతో,
ఎలిశబెతు

తా.క.: నన్ను భూస్వామి అన్నావు. ఆ మాట మా అత్త బతికుండగా ఆమె ముందర అని ఉంటే ఎంత మురిసిపోయేదో! దోమతెరలు ఉండాయి. గుడారాలకు చిరుగులు కూడా ఉండాయి.

*

అల్లూరు
ఆదివారం

ఎలిశబెతు గారికి,

నమస్కారం ఇంకా పెండింగ్‌లోనే ఉంది.

ఎవరో తప్పు చేస్తే మాకు శిక్షా? లారీ గుద్దిందని ఊళ్లో సైకిళ్లన్నీ జప్తు చేస్తారా? పైగా మా అబ్బాను తెచ్చుకోమంటారు! నియంతను పక్కన పెట్టుకుని స్వేచ్ఛ మీద ఉపన్యాసం ఇమ్మంటారా?

సరే. మీ నిబంధనతోనే మిమ్మల్ని ఓడిస్తాను. మా దళానికి ఒక గౌరవాధ్యక్షులు ఉన్నారు. పేరు చాంద్ బాషా గారు. ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి. ఎంత పెద్ద నాయకుడు వచ్చి నిలబడినా చేతిలో పని అయ్యేదాకా తలెత్తరు. తుపాను వచ్చిన ఏడు, కప్పులు లేచిపోయిన ఇళ్లకు అడక్కుండానే వెళ్లి పట్టలు కప్పి వచ్చారు. ఆ మాట మళ్లీ ఎక్కడా ఎత్తలేదు. నోరు కటువు. మనసు సంగతి నాకింకా తేలలేదు.

ఇప్పుడు చెప్పండి, ఏ సాకు మిగిలింది?

పోరాటాభివందనాలతో,
పర్వేజ్

తా.క.: ఆయన మితభాషి. ఆయనతో మాట్లాడే ప్రయత్నం చేయవద్దు.

*

కొంగలమడుగు
మంగళవారం

పర్వేజ్ నాయనకు, ఎలిశబెతు కళ్లు తుడుచుకుని రాసేది.

ఇట్టాంటి మనిషి కోసమే గదా నేను వెతకతా ఉండేది! చెరువులో వలలేసే చెంచురామయ్యకూ నాకూ గట్టు దగ్గర హద్దు తగాదా ఉంది. ఊళ్లో ఎవురు చెప్పినా ఆయన వినడు, నేనూ విననులే. మీ చాంద్ బాషా గారు ఏది చెప్తే అదే అని ఇద్దరం ఒప్పేసుకున్నాం. ఆయనకు మా ఆయన మంచం వేయిస్తా ఉండా. నువ్వు దాని మీద కూర్చోబాక.

ఒక్క మాట. అంత పెద్దాయన్ని కాగితం మీద పిలిస్తే మర్యాద గాదు. ఈ శనివారం నేనే అల్లూరొచ్చి, గడపలో నిలబడి పిలుస్తా. మా గుడిలో పాటలు పాడే ఆడోళ్లు కూడా ఆయన్ని చూడాలని ఆటో మాట్లాడినారు.

దీవెనలతో,
ఎలిశబెతు

తా.క.: ఆయనకు పళ్లు ఉండాయా? చేపల పులుసు పెట్టాలా, మెత్తగా జావ కాయాలా అని ఫ్లోరా నిద్రపోవడం లేదు.

*

అల్లూరు
గురువారం, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపినది

ఎలిశబెతు గారికి నమస్కారం.

(అవును, పెట్టేశాను.)

రావద్దు. ఏ పరిస్థితుల్లోనూ రావద్దు. చాంద్ బాషా గారు నిన్న హఠాత్తుగా కన్నుమూశారు. పని చేస్తూనే ఒరిగిపోయారు. ఆఖరి మాట మాత్రం స్పష్టంగా అన్నారు: "పిల్లల్ని చెరువు దగ్గరికి పోనీండి, బోర్డు ఏమన్నా అననీ."

ఇక మీ మనస్సాక్షి, మీరు. మా వెంట ఆయన జ్ఞాపకం పెద్దదిక్కుగా వస్తుంది. జ్ఞాపకానికి మంచం అక్కర్లేదు. మీరెన్ని తిట్టినా పడుతుంది.

విషాదంలోనూ తలవంచని,
పర్వేజ్

తా.క.: పరామర్శకు కూడా రావద్దు. ఆయన పరామర్శలకు సిద్ధాంతరీత్యా వ్యతిరేకి. పైగా శనివారమంతా నేను నెల్లూరులో కరపత్రాల అచ్చు పనిలో ఉంటాను.

ఇంకో తా.క.: పళ్లు ఉండేవి.

*

కొంగలమడుగు
ఆదివారం

ఒరే పర్వేజ్,

పోయినోణ్ణి రాస్తా ఉండా. నిలబడి చదువు.

ఎదురుపడి మాట్లాడితే చెప్పు చేతికొస్తాదని కాగితం తీసుకున్నా. కాగితం చరిత్రకు మిగులుద్దంట గదా, మిగలనీ.

నిన్న పొద్దున మిషన్ మీద రొయ్యల గుంట పట్ట కుడతా ఉంటే ఆటో వచ్చి ఆగింది. తెల్లచీరల ఆడోళ్లు దిగి, మన గడపలో నిలబడి చావు పాట ఎత్తుకున్నారు. ముందున్నామె చేతిలో ఇంత లావు పూలదండ. పాట అయిందాకా కుట్టు ఆపలా నేను.

"ఎవురమ్మా పోయింది?"

"చాంద్ బాషా గారు నాయనా. ధర్మాత్ముడు. నువ్వు ఆయన దగ్గర పనోడివా?"

"అవునమ్మా, చిన్నప్పట్నుంచీ ఆయన దగ్గరే చేస్తా ఉండా."

"పనోళ్లను ఎట్టా చూసుకునేవాడు?"

"కూర్చోనిచ్చేవాడు గాదమ్మా, మహా కోపిష్టి."

ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. అంతలో వీధిలోంచి షాహుల్ కేకేసినాడు, "చాంద్ బాషా అన్నా, మా పట్ట అయిందా?" అని. ఫ్లోరా అనే ఆమె మెట్టు మీదే కూలబడింది. మీ అమ్మ ఏడవాలో నవ్వాలో తెలీక అందరికీ అన్నం పెట్టింది.

అప్పుడు ఎలిశబెతమ్మ నీ ఉత్తరాలు నా ముందర పెట్టింది. నియంత అన్న కాడ లేచి కర్ర వెతికినా. అది దొరికేలోపల కిందివరకూ చదివేసినా. తుపాను ఏటి సంగతి నీకెవురు చెప్పినార్రా? అప్పుడు నువ్వు చెడ్డీ నిలబెట్టుకోలేని పిల్లకాయవి. బతికుండగా నీ నోట నా గురించి ఒక్క మంచిమాట వినలా. చస్తేగానీ గౌరవాధ్యక్షుణ్ణి కాలేకపోయినా.

వాళ్ల ఆటోలోనే ఇక్కడికి వచ్చేసినా. గుడారాలు చూస్తే జల్లెళ్లు! ఎవుడు కుట్టినాడో వాడి చేతులు పడిపోను. ఒకటొకటే చేత్తో కుడతా ఉండా. గట్టు తగాదా కూడా తీర్చేసినా. పోయినోడి మాటకు ఎదురుచెప్పకూడదని ఇద్దరూ నోరు మూసుకున్నారు.

వచ్చే శనివారం మీ పదిమందినీ తోలుకురా. మంట గట్టు మీదే, తోపులో గాదు. తిట్లన్నీ నేనే తింటా. తిన్నవన్నీ తర్వాత నీకు వడ్డిస్తా. పందెం ఓడిపోయినట్టే లెక్క, నా చేతులారా నేనే ఓడిపోతా ఉండా. సంతోషమా? ఇంట్లో ఉన్నన్నాళ్లూ మిషన్ మీద దుమ్ము తుడువు. కూర్చోబాక, తుడువు చాలు.

కీ.శే. చాంద్ బాషా
గౌరవాధ్యక్షుడు

తా.క.: పూలదండ ఊరికే పారేయడమెందుకని మంచానికి తగిలించినా. పులుసు బాగుంది.

ఇంకో తా.క.: సీసాల గురించి నువ్వు రాసింది నిజం. పారేస్తున్నది పెద్దోళ్లే గదమ్మా అని గట్టిగా అడిగినా. ఆమె పాత బోర్డు పీకించి కొత్తది రాయించింది. గేటు కాడ ఆగి చదువుకో: "ఎవరి సీసాలు వారే తీసుకుపోవలెను. వెంట తెచ్చు పెద్దలు బతికి ఉండవలెను."