ఇంజన్‌కు టెంకాయ నీళ్లు

సెప్టెంబర్ 8, సోమవారం. ఉదయం 5.10

సంకల్పం! నా వ్యాను ఇంజన్‌ను నా రెండు చేతులతోనే విప్పి, కడిగి, కొత్త రింగులు, బేరింగులు వేసి బిగిస్తాను. గడువు విజయదశమి. మెకానిక్ చెయ్యి పడనివ్వను.

కారణాలు:

ఒకటి. నిన్న వై.ఎన్.హొసకోటలో మైకు ముందు గర్జించాను. "చెడినదాన్ని బాగుచేసుకోవడానికి పరుల చేతుల కోసం చూసేవాడు నడిచే శవం!" ముందు వరుసలో మెకానిక్ ఓబులేశ్ కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా నా బండి చూసేది అతనే. లేచి, "సరే సామీ, ఇంక నీ బండికి నేను చెయ్యి పెట్టను" అన్నాడు. ప్రసాదం తీసుకుని వెళ్లిపోయాడు.

రెండు. మా ఊరి చివర ఉండే పుట్టమ్మవ్వ. మోకాళ్లు పోయాయి, బస్సు ఎక్కలేదు. తిరుమణిలో ఆమె చేను సోలారు కరెంటు కంపెనీకి గుత్తకిచ్చి ఏడేళ్లు. "ఆ పలకలు పరిచినాక నా చేను చూడనే లేదు నల్లప్పా. ఒగసారి చూస్తే సాలు." ఊరూరా ప్రసంగాలకు తిరుగుతూ నేను పడుకునే మంచం వ్యానులోనే ఉంది. దాని మీద పడుకోబెట్టి దశమినాడు తీసుకెళ్తానని మాటిచ్చాను.

మూడు. పొగ. పోయినసారి అవ్వ తెల్ల చీరతో ఎక్కి బూడిదరంగు చీరతో దిగింది.

ఏ పనికైనా ముందు చేసినట్టే, కళ్లు మూసుకుని పురాణ గ్రంథం తెరిచాను. వరాహమూర్తి భూమిని పైకెత్తిన ఘట్టం వచ్చింది. ఇంజన్ ఎత్తమని ఆజ్ఞ!

సెప్టెంబర్ 9

ఎత్తాం! వేపకొమ్మకు గొలుసు వేసి నలుగురు లాగారు. నేను ఆజ్ఞలిచ్చాను. చేతులు వారివి, సంకల్పం నాది. దోషం లేదు.

సెప్టెంబర్ 13

విప్పాను. ఇంటిముందు టార్పాలిన్ నిండా ఇంజనే. నా భార్య హొన్నమ్మ వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, రేపు శెనక్కాయలు వస్తే యాడ ఎండబెట్టల్ల? నీ నెత్తి మీదనా?"

ఓర్పు గురించి నలభై నిమిషాలు అరిచాను.

సెప్టెంబర్ 19

పని లేదు. కారణం: మహాలయ పక్షం. ఈ పదిహేను రోజుల్లో కొత్త పని మొదలుపెట్టరాదు. మొదలుపెట్టాక గుర్తొచ్చింది.

సెప్టెంబర్ 23

నవరాత్రులు. రోజూ సాయంత్రం నిడుగల్లులో ప్రసంగం. పగలు పిస్టన్లకు రింగులు ఎక్కించాను. ఒకటి విరిగింది. ఇంకొకటి విరిగింది. గ్రంథం తెరిచాను. పాలసముద్రం చిలికిన ఘట్టం. అమృతం దగ్గర కాదు, విషం దగ్గర తెరుచుకుంది.

సెప్టెంబర్ 27

అవ్వ కర్ర పట్టుకుని ఇంతదూరం వచ్చింది.

"అయిందా నల్లప్పా?"

"అయినట్టే అవ్వా."

అబద్ధం కాదు. ఉపమానం.

సెప్టెంబర్ 30. సాయంత్రం 4.00

జయం! నాలుగు పిస్టన్లూ కూర్చున్నాయి. చేత్తో తిప్పితే నేతిలో వేలు తిప్పినంత నున్నగా తిరిగింది. పైమూత బిగించి బండిలోకి ఎక్కించడమే మిగిలింది. రేపు ఒక్కరోజు చాలు.

4.20

రేపు ఆయుధపూజ. పనిముట్లు ముట్టరాదు. పరవాలేదు. దశమి తెల్లవారుజామున మూడు గంటల పని.

అక్టోబర్ 1. ఆయుధపూజ

నిన్నటి ప్రసంగం: ప్రతి యంత్రమూ దేవుడే. చెప్పింది చేయకపోతే నేనెందుకు? ఇంజన్‌కు శాస్త్రోక్తంగా చేశాను. పిస్టన్లకు విభూతి. కుంకుమ. బంతిపూలు. టెంకాయ కొట్టి నాలుగు సిలిండర్లకూ తీర్థం పోశాను. ఒక్కోదానికి ఒక్కో టెంకాయ. ఏ ఒక్కటీ చిన్నబుచ్చుకోకూడదు.

మధ్యాహ్నం ఓబులేశ్ అటుగా వచ్చాడు. వంగి సిలిండర్లలోకి చూశాడు.

"సామీ, ఇంజన్‌కు టెంకాయ నీళ్లు తాపిచ్చినావా?"

"తీర్థం."

"ఏదో ఒగటి. ఇప్పుడే విప్పి డీజిలుతో కడుగప్పా. లేకుంటే పట్టేస్తాది."

"ఈ రోజు స్పానర్ ముట్టరాదు. స్పానర్లు పూజలో ఉన్నాయి."

"నువ్వు పెద్దోనివి, నాకంటే బాగ తెలుసు" అని ప్రసాదం బొరుగులు తీసుకుని వెళ్లిపోయాడు.

అక్టోబర్ 2. విజయదశమి. ఉదయం 4.30

తిరగలేదు.

5.15

ఇంకా తిరగలేదు. లోపలంతా ఎరుపు. తుప్పు ఏదో కుంకుమ ఏదో తెలియడం లేదు.

6.00

గ్రంథం తెరవలేదు. ధైర్యం చాలలేదు.

7.00

పుట్టమ్మవ్వ కొత్త చీర కట్టుకుని తన వాకిట్లో కూర్చుందని హొన్నమ్మ చెప్పింది. తలుపేసుకున్నాను. బయటి నుంచి ట్రాక్టర్ చప్పుడు. ఓబులేశ్.

"నీ బండికి చెయ్యి పెట్టనంటిని. తాడు కట్టనని చెప్పలే కదా. లెయ్యి సామీ, అవ్వ కాసుకోనుండాది."

రాత్రి

పొద్దున బయలుదేరాం. అవ్వ మంచం మీద. నేను స్టీరింగ్ దగ్గర. ముందు ట్రాక్టర్. ఇంజన్ ఇంటి దగ్గరే, బంతిపూలతో. అవ్వకు చెవులు అంతంత మాత్రం. ట్రాక్టర్‌ను సందు మలుపు దాటించి ఆపి, ఆమెను వెనక తలుపు నుంచి ఎక్కించాం. మంచం మీద నుంచి ముందున్నది కనబడదు.

తిరుమణి. వెనక తలుపు తెరిచాం. కనుచూపు మేరా నీలం పలకలు. అన్నీ ఒకటే. ఏది ఆమెదో ఎలా చెప్పాలా అనుకుంటున్నాను.

అవ్వ పలకలను చూడలేదు. వాటి కింద నేలను చూసింది.

"అద్దో, ఆ దిన్నె. వాననీళ్లు ఎడమపక్కకే మళ్లుకోనుండాయి. మా ఆయన ఎన్నిసార్లు గట్టేసినా అట్లనే పోతాండె. అదే నాది."

కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"బండి బలే చేసినావు నల్లప్పా. రవ్వంత పొగ గూడా రాలే."

ఓబులేశ్ తాడు సర్దుతూ నన్ను చూశాడు. నేను పలకలను చూశాను.

సాయంత్రం తిరుమణిలో ప్రసంగం. కరపత్రంలో వేసిన విషయం: సత్యం. గొంతు బాగాలేదని చెప్పి మౌనం గురించి మాట్లాడాను. ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదని అందరూ మెచ్చుకున్నారు.

అక్టోబర్ 3, ఏకాదశి. ఉదయం 5.10

సంకల్పం! ఇంజన్ నా రెండు చేతులతోనే. గడువు దీపావళి. ఓబులేశ్ పక్కన కూర్చుని చెబుతాడు, చెయ్యి పెట్టడు. టెంకాయలు హొన్నమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది.

గడువు మార్చడానికి లేదు. తిరుమణిలో చేన్లున్న మరో ఆరుగురు అవ్వలకు పుట్టమ్మవ్వ నిన్ననే మాటిచ్చేసిందట. "పొగ రాని బండి, మా నల్లప్ప చేసినాడు" అని.

గ్రంథం తెరిచాను. మళ్లీ వరాహమూర్తే. నా నూనె వేళ్ల మరకకు పుటలు అంటుకుని అక్కడే తెరుచుకుంటోందని హొన్నమ్మ అంటుంది.

ఆజ్ఞ ఆజ్ఞే. పైకెత్తాలి. ఈసారి పట్టేసిన పిస్టన్లను.